జమా ఖర్చు: చెరువుకు తరుగుదల ఎవరు రాస్తారు?

ఈసారి శీర్షికకు విషయం వెతుక్కునే శ్రమ తప్పింది. ఉగాది నాడు మా అక్కయ్య ఇంట్లో భోజనాల దగ్గరే అది నా విస్తట్లోకి వచ్చి పడింది.

మా బావగారు స్పిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నారు. వారి అమ్మాయి, అంటే నా మేనకోడలు, మదురైలో బి.ఏ. ఎకనామిక్సు చివరి సంవత్సరంలో ఉంది. తరువాత ఎం.బి.ఏ. చేస్తుందని ఆయన అనుకుంటున్నారు. బ్యాంకు పరీక్షలు రాస్తుందని నేను అనుకుంటున్నాను. పెళ్ళి చేసుకుంటుందని మా అక్కయ్య అనుకుంటోంది. ఆ పిల్ల మాత్రం ఉగాది పచ్చడి గిన్నె పక్కకు జరిపి, ‘నేను పర్యావరణ, అభివృద్ధి అర్థశాస్త్రంలో ఎమ్మే చేస్తాను’ అంది.

బావగారు నవ్వారు. ‘మామిడి తోటలో చెట్లు లెక్కపెట్టుకోవడానికి మా తాతకి ఎమ్మే అక్కర్లేకపోయింది’ అన్నారు. తరువాత నావైపు తిరిగి, ‘ఏమోయ్ బావమరిదీ, చదువుల అప్పులు చూసేవాడివి నువ్వే కదా. ఈ చదువుకి అప్పిస్తే తీరుతుందా? నువ్వే చెప్పు’ అన్నారు.

నేనూ నవ్వాను. బ్యాంకువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? ‘చదువు అయ్యాక జీతమెంత వస్తుందమ్మా? అప్పు తీసుకుంటే నెలకి కిస్తు ఎంతవుతుందో చూశావా?’ అని అడిగాను.

ఆ పిల్ల కాసేపు ఊరుకుంది. తరువాత, ‘మామయ్యా, మీరు చాలా ఏళ్ళు బోరుబావులకి అప్పులిచ్చారు కదా! వాటిలో ఇవ్వాళ ఎన్నింట్లో నీళ్ళున్నాయి?’ అంది.

‘అప్పులన్నీ దాదాపు తీరాయమ్మా’ అన్నాను.

‘నేనడిగింది నీళ్ళ గురించి మామయ్యా’ అంది.

పాఠక మహాశయులారా, ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళూ లేరు.

ఏ ఫైలులోనూ తప్పు లేదు

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. 1990 దశకం చివర్లో కొన్నాళ్ళు, మన ఊరికి తూర్పున నల్లరేగడి పల్లెల మధ్య ఉన్న ఒక చిన్న శాఖలో పనిచేశాను. అక్కడ అప్పు అంటే రెండే రకాలు: నగల మీద అప్పు, బోరు మీద అప్పు.

బోరు అప్పుకు రైతు పట్టా, చిట్టా, అడంగల్ తెచ్చేవాడు. భూమిలో నీరున్నదని నిపుణుడి ధ్రువపత్రం ఉండేది. పక్క బావికీ దీనికీ ఎంత దూరముండాలో నిబంధన ఉంది. నేను స్వయంగా వెళ్ళి కొలిపించేవాణ్ణి. మోటారు ఖరీదెంత, గొట్టాలకెంత, ఎన్ని ఎకరాలు తడుస్తాయి, పత్తి ఎంత, మిరప ఎంత, అప్పు ఎన్నేళ్ళలో తీరుతుంది, అన్నీ లెక్కవేసి సంతకం పెట్టేవాణ్ణి. సేద్యపు పంపుసెట్లకు తమిళనాడులో 1990 ప్రాంతం నుంచీ కరెంటు ఉచితం కాబట్టి ఆ ఖర్చు రాసే గడి ఖాళీగానే ఉండేది.

ఒక రైతు సంగతి చెబుతాను. మన భాషే మాట్లాడే కుటుంబం. మొదటి బోరు నా చేతిమీదుగానే వేశాడు. మూడేళ్ళు పంట బాగుంది. అది చూసి అటు పక్క పొలంవాడు, ఇటు పక్క పొలంవాడు బోర్లు వేశారు. వాటిలో కొన్నింటికి అప్పిచ్చిందీ నేనే. నాలుగో ఏడు మొదటి బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. అతను ఇంకా లోతుకు దింపించాడు. తరువాత వడ్డీవ్యాపారి దగ్గర తెచ్చి ఇంకొకటి వేశాడు, దాని తరువాత మరొకటి. ఆఖరుకు పొలం అమ్మి, మా బాకీ వడ్డీతో సహా కట్టి, భార్యాబిడ్డలతో తిరుప్పూరు బనియన్ల పనికి వెళ్ళిపోయాడు.

మా పుస్తకంలో అది మంచి ఖాతా. గడువుకు ముందే తీరిన ఖాతా. ఆ ఏడు ఆ శాఖకు వసూళ్ళు బాగున్నాయని పైనుంచి మెప్పు కూడా వచ్చింది.

ఏ ఫైలు తీసి చూసినా తప్పు కనిపించదు. అన్ని ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి, అందరూ తోడేది ఒకే నీరు కదా అని చూసే పని మాత్రం మాలో ఎవరిదీ కాదు. మోటారుకు ఏటా తరుగుదల రాసేవాళ్ళం. ఆ మోటారు తోడిన నీటికి రాయలేదు. మాకు కాలేజీలో ఆ పద్దు నేర్పలేదు.

మా మేనకోడలు చదవాలనుకుంటున్నది ఆ పద్దు గురించేనట.

ఇంతకీ ఏమిటీ చదువు?

ఆ పిల్ల ఇచ్చిన పుస్తకాలు రెండు మూడు, నేను తెప్పించుకున్నవి రెండు మూడు చదివాను. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

ఒకరు చేసే పనికి ఖర్చు మరొకరి నెత్తిన పడితే దాన్ని ఎలా లెక్కగట్టాలన్నది ఈ శాస్త్రంలో మొదటి ప్రశ్న. ఇంగ్లండులో పిగూ అనే ఆచార్యుడు 1920లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయం తేల్చాడు. కర్మాగారం పొగ వదులుతుంది, పక్క వీధివాళ్ళ బట్టలు మాసిపోతాయి. చాకలి ఖర్చు కర్మాగారం లెక్కలో రాదు. కాబట్టి ఆ సరుకు ధర నిజమైన ధర కాదు. పన్ను వేసైనా ఆ ఖర్చును దానికే చేర్చాలన్నాడు.

దీనికి మనకు దగ్గరి ఉదాహరణ తిరుప్పూరు. నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయంలో సేద్యం కోసం 1992లో ఆనకట్ట కట్టారు. కొద్ది ఏళ్ళకే అది రంగు నీళ్ళ మడుగయింది. దిగువ రైతులు ఆ నీరు పొలానికి వద్దు మొర్రో అని కోర్టుకెక్కారు. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం కర్మాగారాలను మూసివేయమంది. వేలమందికి పని పోయింది. మొదటినుంచీ నీటిని శుద్ధి చేసే ఖర్చు బనియను ధరలో కలిసి ఉంటే ఇటు రైతు, అటు కార్మికుడు ఇద్దరూ నిలిచేవారు. నూలు మిల్లుల ఊరివాళ్ళం మనం. ఈ కథ మనకు పరాయిది కాదు.

రెండో ప్రశ్న అందరి ఆస్తి గురించి. చెరువు, మేత బీడు, అడవి, భూగర్భ జలం ఎవరి పట్టాలోనూ ఉండవు. ‘అందరిదీ అయినది చివరకు ఎవరిదీ కాకుండా నాశనమౌతుంది’ అన్న ధోరణిలో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1968లో ఒక వ్యాసం రాశాడు. చాలాకాలం అదే వేదవాక్కయింది. కాదు, ఊళ్ళు తమ ఉమ్మడి ఆస్తిని తామే కట్టడి చేసుకోగలవని ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ దేశదేశాల ఉదాహరణలతో 1990లో ఒక గ్రంథం రాశారు. 2009లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆవిడే.

ఇక్కడ మనం గర్వపడవలసిన సంగతి ఒకటుంది. ఆ వాదానికి బలమైన సాక్ష్యాలలో ఒకటి తెలుగు గడ్డమీద దొరికింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు రాయలసీమలో, కర్నూలు వైపు కాలువ కింది పల్లెల్లో తిరిగి, 1988లో ఒక పుస్తకం ప్రచురించాడు. కాలువ మొదట్లో నీరు పుష్కలంగా ఉన్న ఊళ్ళు ఎవరికి వారే అన్నట్టున్నాయి. కాలువ చివర, నీటికి కటకటలాడే ఊళ్ళు మాత్రం ఒక్కటై, ఊరుమ్మడిగా నీరుకట్టేవాళ్ళను, పొలం కాపలావాళ్ళను జీతమిచ్చి పెట్టుకున్నాయి. ఆ జీతాలకు డబ్బెక్కడిది? కోతలయ్యాక పొలాల్లో మందలు మేపుకునే హక్కును గొర్రెల కాపరులకు అమ్మి, ఆ సొమ్ము ఊరి నిధిలో వేసేవారట. ఏ అధికారీ చెప్పలేదు, ఏ చట్టమూ లేదు. అవసరమే నేర్పింది.

మన తాతల నాటి కుడిమరామత్తు గుర్తొచ్చిందా? ఏటా వానలకు ముందు ఊరివాళ్ళే కన్మాయిల పూడిక తీసి, గట్లు సరిచేసుకునేవారు. 1858లో దొరల ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది. ఆనాటి నుంచి ఊరి అలవాటు కాస్తా ప్రభుత్వపు పనిగా మారుతూ వచ్చి, క్రమంగా కొడిగట్టింది. 2017లో తమిళనాడు ప్రభుత్వం అదే పేరుతో మళ్ళీ పథకం పెట్టింది. అయితే చెరువుతోపాటు దాన్ని కాపాడుకున్న కట్టుబాటు కూడా తిరిగి వచ్చిందా? ఇది ఇంజనీరు ఒక్కడూ చెప్పగలిగిన సంగతి కాదు. ఊరూరా తిరిగి అడిగేవాళ్ళు కావాలి.

మన జిల్లా పల్లె, నూరేళ్ళ లెక్క

ఊరూరా తిరగడమంటే ఒక మాట చెప్పాలి. ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గిల్బర్ట్ స్లేటర్ అనే ఆచార్యుడు ఇంగ్లండు నుంచి వచ్చాడు. అక్కడ భారత ఆర్థికశాస్త్రానికి మొదటి ఆచార్యుడు ఆయనే. పుస్తకాల్లో ఉన్న ఇంగ్లండు పాఠాలు ఇక్కడి పిల్లలకు చెప్పి లాభం లేదనుకున్నాడు. మరుసటి ఏడు సెలవులకు వెళ్ళే విద్యార్థులకు ఒక ప్రశ్నల పట్టిక ఇచ్చి, ‘ఊళ్ళకు వెళ్ళి భూమి, పశువులు, కూలి, అప్పు, అన్నీ రాసుకు రండి’ అని పంపాడు. అలా వచ్చిన వివరాలతో 1918లో పుస్తకం వేశాడు. అందులోని పల్లెల్లో ఒకటి వడమలైపురం. అప్పటి రామనాథపురం జిల్లా, ఇప్పటి మన విరుదునగర్ జిల్లా!

1930 దశకంలో మళ్ళీ మద్రాసు నుంచి వెళ్ళి అవే పల్లెలను పరిశీలించారు. ఆ పుస్తకం 1940లో వచ్చింది. 1980 దశకంలో చెన్నైలోని మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థవారు వడమలైపురం మీద మరోసారి నివేదిక వేశారు. ఒకే పల్లెను తరం తరువాత తరం తూచి చూశారన్నమాట. మనం శివకాశి పెళ్ళిళ్ళకు పోతూ వస్తూ ఉంటాం. ఆ చుట్టుపక్కలి పల్లె ఒకటి ప్రపంచంలోని అర్థశాస్త్ర గ్రంథాలయాల్లో ఉందని నాకు ఈ వయసులో తెలిసింది.

తెలుగునాట కూడా ఇటువంటిదే ఒకటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లెలోనూ, మహారాష్ట్ర పల్లెల్లోనూ మనుషుల్ని కాపురం పెట్టించి ఇంటింటి ఆదాయ వ్యయాలు రాయించడం మొదలుపెట్టింది. మెట్ట రైతు కరువును ఎలా తట్టుకుంటాడో ప్రపంచానికి తెలిసింది చాలావరకు ఆ లెక్కలవల్లే. ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త 7 రాష్ట్రాల్లో 80కి పైగా మెట్ట గ్రామాలు పరిశీలించి 1986లో ఒక వ్యాసం ప్రచురించారు. బంజరు, బీడు, చెరువు శిఖం వంటి ఉమ్మడి భూములమీద ఉన్నవాళ్ళకంటే పేదలే ఎక్కువ ఆధారపడతారనీ, ఆ భూములు ఏటికేడు కుంచించుకు పోతున్నాయనీ ఆయన చూపించారు. అంటే చెరువు పోతే అందరికీ సమానంగా నష్టం రాదు. పొయ్యిలోకి పుల్ల, మేకకు మేత అక్కడే వెతుక్కునేవాడికి ముందు వస్తుంది. పర్యావరణాన్నీ అభివృద్ధినీ ఒకే చదువులో ఎందుకు కలిపారన్న నా సందేహం ఇక్కడ తీరింది.

తెలంగాణ నుంచి వచ్చిన ఆచార్య సి.హెచ్. హనుమంతరావు గారి పేరు కూడా చెప్పుకోవాలి. ప్రణాళికా సంఘంలో సభ్యులుగా పనిచేసిన ఆయన, వ్యవసాయాభివృద్ధి, పేదరికం, పర్యావరణ క్షీణత ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో 1994లో ఒక గ్రంథంలో వివరించారు. అదే ఏడు కరువు ప్రాంతాల పథకాలపై ఆయన అధ్యక్షతన కమిటీ నివేదిక ఇచ్చింది. దాన్ని అనుసరించే 1995 నుంచి దేశమంతటా వాటర్‌షెడ్ పనులకు ఒకే రకమైన మార్గదర్శకాలు వచ్చాయి. అర్థశాస్త్రం చదివినవాళ్ళు వాన నీటి గురించి మాట్లాడితే పొలంలో ఏం జరుగుతుందో చెప్పడానికి ఇది చాలు.

బ్యాంకువాడికి తగిలిన దెబ్బ

నా వృత్తికి నేరుగా తగిలిన పాఠం వడ్డీ గురించినది. ఇవాళ్టి రూపాయి, యాభై ఏళ్ళ తరువాతి రూపాయి ఒకటి కాదని మాకు తెలుసు. ఏటా నూటికి 10 చొప్పున తగ్గించుకుంటూ వస్తే, 50 ఏళ్ళ తరువాత రాబోయే 100 రూపాయల విలువ ఇవాళ 85 పైసలే. రూపాయి కూడా కాదు. నూటికి 4 చొప్పున అయితే 14 రూపాయలు. 2006లో బ్రిటిష్ ప్రభుత్వం కోసం వాతావరణ మార్పుపై నివేదిక రాసిన నికొలస్ స్టెర్న్ వాడిన రేటు దాదాపు 1.4. ఆ లెక్కన సుమారు 50 రూపాయలు.

చూశారా! మన మనవలకు జరగబోయే నష్టం ఇవాళ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ఏ రేటు వాడామన్నదానిమీద ఉంది. అంత తక్కువ రేటు సరికాదని అమెరికా ఆచార్యుడు విలియం నోర్డ్‌హాస్ వాదించాడు. ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది. ఇద్దరూ ఉద్దండులే. పెద్దవాళ్ళే తేల్చుకోలేని చోట నేను శాఖలో కూర్చుని పన్నెండు శాతం వేసి బోరు మంచిదని తేల్చేశాను!

ఢాకాలో పుట్టి కేంబ్రిడ్జిలో స్థిరపడిన పార్థా దాస్‌గుప్తా గారు బ్రిటిష్ ఆర్థికశాఖ కోరికపై 2021లో జీవవైవిధ్యంపై పెద్ద నివేదిక ఇచ్చారు. ఆయన మాట నాబోటి కామర్సు వాడికి ఇట్టే అర్థమవుతుంది. దేశానికి ఆస్తులు మూడు రకాలు: మనిషి కట్టినవి, మనిషి చదువూ ఆరోగ్యమూ, ప్రకృతి ఇచ్చినవి. 1992 నుంచి 2014 వరకు ప్రపంచంలో తలసరి కట్టిన ఆస్తి రెట్టింపయింది. మనుషుల చదువు, ఆరోగ్యాల విలువ 13 శాతం పెరిగింది. ప్రకృతి ఆస్తి దాదాపు 40 శాతం తగ్గింది. ఏటా లాభం చూపిస్తూ అసలు తినేసే కంపెనీని మనం ఏమంటాం? మన దేశపు లెక్కల్లోనూ ఈ పద్దు చేర్చడానికి ఆయన అధ్యక్షతనే ఒక నిపుణుల బృందం 2013లో నివేదిక ఇచ్చింది. 2018 నుంచి కేంద్ర గణాంక శాఖ పర్యావరణ ఖాతాలను విడిగా ప్రచురిస్తోంది.

మన రాజపాళయాన్నే తీసుకోండి. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు మిల్లు పెట్టారు. దాని విలువ ఎంతో పుస్తకాల్లో ఉంటుంది. పడమటి కొండల విలువ? అయ్యనార్ జలపాతం, ఆరో మైలు జలాశయం, మన ఇళ్ళ కుళాయిల్లో వచ్చే నీళ్ళు, మామిడి తోటలు, కొబ్బరి తోటలు అన్నీ ఆ కొండ చలవే. అక్కడి అడవిని 1988లో బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యం చేశారు. 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల సంరక్షణ కేంద్రంలో కలిపారు. ‘ఉడుతకీ పులికీ ఇంత అడవెందుకు’ అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. న్యూయార్కు నగరం 1997లో ఏం చేసిందో వాళ్ళకు చెప్పాలి. నీటి శుద్ధి కర్మాగారం కట్టాలంటే 600 కోట్ల డాలర్లకు పైగా అవుతుందని అంచనా వస్తే, దానికి బదులు అందులో కొద్ది భాగం ఖర్చుతో నీరు పుట్టే కొండ ప్రాంతాన్ని, అక్కడి రైతులతో ఒప్పందాలు చేసుకుని కాపాడుకుంది. ఆ లెక్క వేసి చూపించగలవాళ్ళు ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది.

చదవదలచినవారికి

ఇక అసలు అడిగే ప్రశ్నలకు వస్తాను.

ఈ చదువుకు లెక్కలు కావాలి. చెట్లమీద ప్రేమ ఒక్కటే చాలదు. సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలు, గణాంకశాస్త్రం, ఎకనామెట్రిక్సు తప్పవు. ప్లస్ టూలో గణితం వదిలేసిన పిల్లలు డిగ్రీలో ఉండగానే దాన్ని మళ్ళీ పట్టుకోవాలి. పల్లెలో మండుటెండలో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఓపికా కావాలి.

చెన్నైలో 1993లో ఏర్పడిన మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పర్యావరణ అర్థశాస్త్రానికి పేరు పొందింది. ఢిల్లీలో టెరీ సంస్థవారి ఉన్నత విద్యాలయం ఉంది. పుణెలో 1930 నాటి గోఖలే సంస్థ ఉంది. పరిశోధనకు చెన్నైలో మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థ, హైదరాబాదులో 1980లో వెలసిన ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం ఉన్నాయి. ప్రవేశ పరీక్షలు, కోర్సులు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ సంస్థనే అడిగి తెలుసుకోండి.

ఒక హెచ్చరిక. డిగ్రీ పత్రం మీద ఏం రాసి ఉంటుందో ముందే చూసుకోండి. ఇండియన్ ఎకనామిక్ సర్వీసు పరీక్షకు అర్థశాస్త్రం, అనువర్తిత అర్థశాస్త్రం, వ్యాపార అర్థశాస్త్రం, ఎకనామెట్రిక్సు వీటిలో ఎమ్మే అడుగుతారు. ‘అభివృద్ధి అధ్యయనం’ అని ఉంటే ఆ తలుపు మూసుకుపోవచ్చు.

ఉద్యోగాలా? ఐ.టి. కంపెనీలో చేరిన పక్కింటి అబ్బాయి మొదటి జీతంతో పోల్చుకోకండి. కానీ తలుపులు పెరుగుతున్నాయి. స్టాకు మార్కెట్లో నమోదైన మొదటి 1000 కంపెనీలు తమ నీరు, కరెంటు, కాలుష్యాల లెక్క చెప్పాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. కార్బన్ వ్యాపార పథకాన్ని కేంద్రం 2023లో ప్రకటించింది. సిమెంటు, ఉక్కు వంటివాటితో వచ్చే కార్బన్‌కు లెక్క చూపాలని ఐరోపా దేశాలు 2023 అక్టోబరు నుంచి అడగడం మొదలుపెట్టాయి. హరిత డిపాజిట్లపై రిజర్వుబ్యాంకు 2023లో నిబంధనలు ఇచ్చింది. మా బ్యాంకుల్లోనూ ఈ లెక్క తెలిసినవాళ్ళ కోసం వెతుకుతున్నారు.

అప్పు సంగతి. 4 లక్షల వరకు విద్యా రుణానికి తల్లిదండ్రుల సంతకం తప్ప ఆస్తి తాకట్టు అడగకూడదు. 2015లో వచ్చిన హామీ నిధి పథకం 7.5 లక్షల వరకు వర్తిస్తుంది. చదువు పూర్తయ్యాక ఇంకో ఏడాది వరకు కిస్తులు మొదలుకావు. కానీ ఆ కాలంలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వీలైతే ఆ వడ్డీ నెలనెలా కట్టేయండి. వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. ఇంకొక మాట, బంధువుల అప్పు బంధువే మంజూరు చెయ్యకూడదు. కాబట్టి మా మేనకోడలి దరఖాస్తు నా బల్లమీదికి రాదు.

మళ్ళీ ఆ పల్లెకి

ఉగాది అయిన రెండో ఆదివారం, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నేను పనిచేసిన ఆ పల్లెకు వెళ్ళాను. అప్పులిచ్చిన పొలాలు గుర్తున్నంతవరకు నడిచి చూశాను. కొన్నింట్లో మోటారు మోగుతోంది. చాలా చోట్ల సర్కారు తుమ్మ పెరిగింది. బోరు గొట్టం నోటికి గోనెగుడ్డ కట్టి రాయి పెట్టారు. కన్మాయిలోనూ తుమ్మే. అది నీటిని తాగేస్తుందని కొట్టెయ్యమనేవాళ్ళున్నారు. దాన్ని కాల్చి బొగ్గు చేసి బతికేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా విని లెక్క తేల్చే మనిషి అక్కడ కావాలి.

నన్ను గుర్తుపట్టిన ఒక పెద్దాయన ఇంట్లోకి పిలిచి కాఫీ ఇచ్చాడు. ‘తాగండి మేనేజరుగారూ, కొన్న నీళ్ళే’ అన్నాడు. ఆయన మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

తిరిగి వచ్చి బావగారి దగ్గరికి వెళ్ళాను. ‘నేను వందలకొద్దీ అప్పులు మంజూరు చేశాను బావగారూ. నా సొంత సొమ్మయితే ఇస్తానా అని ఎన్నడూ అనుకోలేదు. ఈ పిల్ల మొదటి ఏడాది ఫీజు నేను కడతాను. తక్కినదానికి మీరు అప్పు పెట్టండి’ అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘మా తాత చెట్లు లెక్కపెట్టాడు కానీ, చెట్టుకి పోసిన నీళ్ళు లెక్కపెట్టలేదోయ్’ అన్నారు. మా అక్కయ్య మాత్రం పెళ్ళి మాట ఇంకా వదల్లేదు. అది వేరే పద్దు.

ప్రవేశ పరీక్ష రాసి వచ్చింది. ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఆ పిల్ల నాకొక పని అప్పజెప్పింది. నేను సంతకం పెట్టిన బోర్లన్నింటికీ ఒక పట్టిక రాయాలి: ఏ ఏట వేశారు, ఎంత లోతు, ఎప్పుడు ఎండింది, ఆ ఇంటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారు. నోటుబుక్కు కొన్నాను. ఆరు పేర్లు రాశాను. మొదటి పేరు తిరుప్పూరు వెళ్ళినాయనది.

మన పాఠకుల ఇళ్ళలోనూ పాత బావుల లెక్కలు, తాతల నాటి నీటి వంతుల కాగితాలు ఉండవచ్చు. పారెయ్యకండి. పత్రికకు రాసి పంపండి. వచ్చే సంచికలో వాటితోనే కలుసుకుందాం.